తమ్ముడి తొడలో తెల్ల గీత

మా తమ్ముడి తొడలో గడ్డ లేచినప్పుడు మొదటి తప్పు నాదే. ఏ వాపుకైనా మా అమ్మ జీడిగింజ కాల్చి చురక పెట్టేది. నేనూ అదే చేశాను. తోలు బొబ్బలెక్కి మానింది. లోపలి గడ్డ మాత్రం మూడు నెలల్లో నిమ్మకాయంత ఉన్నది బత్తాయంత అయింది. నొప్పి లేకపోవడంతో మోసపోయాం.

మెదక్‌లో ఒక ప్రైవేటు డాక్టరు చేత్తో తడిమి, "కొవ్వు గడ్డ. రేపు రాండ్రి, కోసేస్త" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకే. కానీ నలభై ఏళ్లుగా గ్రంథాలయంలో వైద్యం పుస్తకాలు తిరగేస్తున్నవాణ్ణి. కండ లోతున పెరిగే గడ్డను స్కాన్ తీయకుండా ముట్టకూడదని చదివాను.

"ముందు ఎమ్మారై తీయిద్దాం సారూ."

"నువ్వేం చదివినవ్ పెద్దమనిషీ?"

"మీరు చదివిందే. జర నిదానంగ చదివిన."

బయటికి రాగానే తమ్ముడు అలిగాడు. "గాయనతోని లొల్లి ఎందుకే అన్నా? కోస్తే రేపు పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటుంటి."

స్కాన్ కోసం ఎక్కిన హైదరాబాద్ బస్సు తూప్రాన్ దాటినా వాడు కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చున్నాడు. నాకేమో పాత దవాఖాన గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాడు కిరాయి సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, కాంపౌండర్ తడి ఎక్స్‌రే ఫిలిం వరండాలోకి తెచ్చి ఎండకు ఎత్తి పట్టాడు. వాడి ఎముకను వరండా అంతా చూసింది. ఎవరో ముసలమ్మ "అతుక్కుంటది లే బిడ్డా" అంది. ఆ రోజులే వేరు. ఇప్పుడు వాణ్ణి మిషన్‌లో ముప్పావుగంట పడుకోబెట్టి, "రిపోర్టు ఫోన్ల వస్తది, పోండ్రి" అన్నాడు కౌంటర్ మనిషి.

"బొమ్మ చూడంది కదల" అని కుర్చీలో కూర్చున్నాను.

చివరికి స్కాన్ చదివే డాక్టరమ్మే లోపలికి పిలిచింది. తమ్ముడి తోలు మీది మచ్చ చూసి, "జీడి ఎవరు పెట్టిండ్రు?" అంది.

"నేనే."

"ఇంకోసారి పెట్టకుండ్రి." తర్వాత తెర మీద వేలు పెట్టింది. "కొవ్వు గడ్డ కాదిది. అరుదుగ వచ్చే క్యాన్సర్ కావచ్చు, ముక్క తీసి చూడాలె. ఇది కాలుకు రక్తం పోయే పెద్ద నాళం. గడ్డకు, దీనికి నడుమ సన్నటి తెల్ల గీత కనవడుతుందా? అది కొవ్వు పొర. అది ఉంది కాబట్టే కాలు దక్కే ఆశ ఉంది. ఊర్ల కెలికి ఉంటే ఇది మిగలకపోతుండె."

తమ్ముడు తెర వైపు కాక నా వైపు చూశాడు. "గా డాక్టరును ఇంకో రెండు మాటలు అనకపోతివే అన్నా" అన్నాడు.

ముక్క పరీక్షలో క్యాన్సరే అని తేలింది. దాని పేరు కూడబలుక్కుని చదవడానికి నాకు నాలుగుసార్లు పట్టింది. ఆపరేషన్ తర్వాత మత్తు దిగుతుండగా వాడు దుప్పటి కింద చెయ్యి పెట్టి మోకాలి దాకా తడుముకున్నాడు. అప్పుడు చాయ్ అడిగాడు.