రాణి రంగు సైన్యం

వేరే గ్రహాల వాళ్ళకు చెమట పట్టదని కథలు రాసేవాళ్ళ నమ్మకం. పడుతుంది. మనకంటే ఎక్కువే పడుతుంది. వాళ్ళ ఒంటి మీద రెండు వేళ్ళ మందం ఫోము, దాని మీద రెక్సిను, ఆ పైన నేను ఒక్కొక్కటిగా అంటించిన పొలుసులు ఉంటాయి మరి. షూటింగ్ అయ్యాక ఆ చర్మాలన్నీ తిరగేసి, చంకల దగ్గర స్పిరిట్ కొట్టి, ఫ్యాను కింద ఆరేయాల్సింది నేను. విశ్వాన్ని జయించడానికి వచ్చిన చక్రవర్తి బనియను కూడా నేనే పిండాను.

ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేదాన్ని. బస్సులో పక్క సీటావిడకు సర్కస్ ఏనుగులకు గౌన్లు కుడతానని చెప్పాను. ఆవిడ దిగేదాకా ఏనుగు నడుము కొలత ఎలా తీస్తారో అడుగుతూనే ఉంది. బ్యాంకులో గుమస్తాకు చంద్రుడి మీదికి పోయేవాళ్ళ కోట్లకు కాజాలు తీస్తానని చెబితే లేచి తన కుర్చీ ఇచ్చాడు. టీవీలో వచ్చే అంతరిక్షం సీరియల్‌కు కాస్ట్యూమ్స్ డిజైన్ చేస్తాను అని ఉన్నదున్నట్టు చెప్పిన రోజున మాత్రం, "ఓ, టైలరమ్మా!" అని మొహం అటు తిప్పేసుకునేవాళ్ళు. కుర్చీ సంగతి దేవుడెరుగు.

మాది బస్తర్ అడవుల్లో కిష్టారం దగ్గర పల్లె, తెలంగాణ హద్దు దాటగానే. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండీ, దోర్లీ. నాలుగు భాషల్లోనూ కోతలు కోయడం నాకు చిన్నప్పుడే వచ్చు. బట్ట కోయడం మాత్రం సుక్మాలో మా మేనమామ కొడుకు నేర్పాడు. బావకు అక్కడి బజారులో ఒక అరుగంత టైలరు దుకాణం ఉంది. అక్కడ నేర్చుకున్న చేతిపనితో హైదరాబాదు చేరి, సినిమా బట్టల షాపులో డాన్సర్ల లంగాలకు అంచులు మడుస్తూ మొదలుపెట్టాను. దేవతల కిరీటాలకు అద్దాలు అంటించే పని నుంచి గ్రహాంతర వాసుల కొమ్ములకు మెరుపు పూసే పనిదాకా ఎదిగాను. జిగురు మాత్రం అదే.

ఎదిగాను అంటున్నానుగానీ, ఆ సీరియల్ చివరి ఏళ్ళకు నాలో ఎదిగింది మోకాళ్ళ నొప్పి ఒక్కటే. సూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళద్దాలు నుదుటి మీదికి ఒకసారి, ముక్కు మీదికి ఒకసారి. కొత్త గ్రహం అని చెప్పగానే రచయితలు గంతులేసేవాళ్ళు. నాకు మాత్రం ఇంకో రకం జిప్పు, ఇంకో రకం దురద, "మేడమ్, మూత్రానికి ఎలా వెళ్ళాలి?" అని ఇంకో నటుడి ఏడుపు కనిపించేవి. వదిలేద్దామని ప్రతి సీజను చివరా అనుకునేదాన్ని. అద్దె కట్టాలి కదా అని ప్రతి సీజను మొదట్లోనూ వెళ్ళేదాన్ని.

అలాంటి ఒక సీజనులో కొత్త దర్శకుడు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. బస్తర్ అడవినీ జలపాతాలనీ ఫోనులో చూసి, శత్రుగ్రహం అదేనని తేల్చేశాడు. మా ఊరివైపు షూటింగ్ అనగానే ఆ ఒక్క వారం సంతోషపడ్డాను. సైనికుల వేషాలకు ఇరవై మంది స్థానికుల్ని తీసుకుందామన్నాడు. బట్టలు సుక్మాలోనే కుట్టిద్దాం, మా బావ ఉన్నాడు అని నేనన్నాను. గుడ్డ మాత్రం దర్శకుడు తనే కొని మూటకట్టి వ్యానులో వేయించాడు.

"ఏం గుడ్డ బాబూ?" అంటే, "సర్‌ప్రైజ్ అక్కా" అన్నాడు.

దారి పొడుగునా అతనికి కథలు చెబుతూనే వచ్చాను. శబరి నదిలో చేపలు వానాకాలం చెట్లెక్కి చింతచిగురు తింటాయని, అందుకే మా పులుసులో చింతపండు వేయనక్కర లేదని చెప్పాను. అతను ఫోనులో రాసుకున్నాడు. మర్నాడు ఎవరో అది అబద్ధమని చెబితే కోపం తెచ్చుకోలేదు, నవ్వాడు. కానీ ఆ తర్వాత నేను ఏం చెప్పినా కళ్ళు చికిలించి చూడడం మొదలుపెట్టాడు.

సుక్మాలో మూట దించి బావ దుకాణంలో విప్పాను. ఆకుపచ్చ మీద మట్టిరంగు మచ్చలు. రెండు తానులు.

బావ లేచాడు. పట్టపగలు షట్టర్ కిందికి లాగేశాడు.

"ఏంది పిల్లా ఇది?" అన్నాడు చీకట్లో.

"వేరే గ్రహం సైన్యం బట్టలు బావా. గుడ్డ ఆయన కొన్నడు. నాక్కూడా ఇప్పుడే తెల్సింది."

"ఏ గ్రహమైతేంది! ఆడికెళ్ళి వస్తరా అడగనీకి? నన్నడుగుతరు. మూట గట్టు ముందు."

మా వైపు ఈ రంగు గురించి ఎవరూ బోర్డు పెట్టలేదు. టైలర్లకు మాత్రం తెలుసు. అడవిలో తుపాకులు పట్టిన రెండు వైపుల వాళ్ళూ ఆ రంగే వేసుకునేవారు. కాబట్టి ఆ గుడ్డ నీ కత్తెర కింద ఉంటే ఎవరికి కుడుతున్నావని ఒకరు అడుగుతారు. కుట్టాక ఎవరికిచ్చావని ఇంకొకరు అడుగుతారు. చాలా ఏళ్ళ కిందట ఒక రైతు సంతలో చవగ్గా దొరికిందని అలాంటి గుడ్డ తెచ్చి, కొడుక్కి బావ చేత ప్యాంటు కుట్టించాడు. బావ దాన్ని ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాడు. మొదట ఒక వైపు నుంచి వచ్చి అడిగారు. ఆ వారమే ఇంకో వైపు నుంచీ వచ్చి అడిగారు. కొట్టలేదు, తిట్టలేదు. అడిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత బావ గుమ్మానికి వీపు పెట్టి కూర్చోలేకపోయాడు. మిషను గుమ్మం వైపు తిప్పి వేయించుకున్నాడు. ఇప్పుడు రోడ్లు పడ్డాయి, టవర్లు లేచాయి, బజారులో కొత్త దుకాణాలు వచ్చాయి. మిషను దిశ మాత్రం మారలేదు.

"నువ్ కుట్టమంటే కుడత," అన్నాడు బావ చివరికి. "మేనత్త బిడ్డవు, కాదన్లేను. గనీ కుట్టిచ్చినంక నేనీడ ఉండ. దుకాన్ ఎవలికన్న ఇచ్చి జగ్దల్‌పూర్ పోత."

"ఈ వయసుల పోయి ఏం జేస్తవ్?"

"ఏదో ఒగటి. నిద్రైతే పోత గద."

బావ నన్ను బెదిరించడానికి అనలేదు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. మా వంశంలో ఆ విద్యంతా నాకే వచ్చింది.

లాడ్జిలో అన్నం తింటున్న దర్శకుడి దగ్గరికి వెళ్ళి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. ప్యాంటు, కొక్కెం, రెండు వైపుల వాళ్ళు, అంతా.

అతను కళ్ళు చికిలించాడు. "అక్కా, ఇది కూడా చెట్లెక్కే చేపల కథేనా?"

"కాదు బాబూ, ఒట్టు."

"పర్మిషన్లన్నీ ఉన్నాయి. ఎవరైనా అడిగితే కాగితం చూపిద్దాం."

"కాగితం నీ జేబులో ఉంటుంది. బట్ట మా బావ దుకాణంలో ఉంటుంది."

"మీరు మరీ భయపెడతారక్కా," అని నవ్వి పెరుగు కలుపుకున్నాడు.

జీవితంలో ఎన్నో అలసటలు చూశాను. నిజం చెప్పి నమ్మించలేకపోవడంలో ఉన్న అలసట వేరు. ఎదురుగా కుర్చీలో కూలబడ్డాను. ఇంకోసారి వాదించే ఓపిక లేదు. చేతనైన పనే చేద్దామనుకున్నాను.

"సరే వదిలెయ్," అన్నాను. "నాకేం పోయింది! విశాఖపట్నం రైల్లో ఆ పెద్దాయన చెప్పిన మాటే గుర్తొచ్చి బాధగా ఉంది."

"ఏ పెద్దాయన?"

"రిటైరైన శాస్త్రవేత్త. పై బెర్తు. నా పులిహోర సగం తిన్నాడు. మన సీరియల్ చూస్తాడట. 'అమ్మా, మీ శత్రుగ్రహానికి సూర్యుడు ఎర్రవాడు కదా, అక్కడ ఆకులు పచ్చగా ఎలా ఉంటాయి? గులాబీ రంగులో ఉండాలి. మీ దర్శకుడు చదువుకున్నవాడేనా?' అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది."

దర్శకుడి చెయ్యి ఆగింది. "గులాబీనా?"

"అలాగే అన్నాడు మరి. మనకేం తెలుసు!"

"ఆకులంటే గ్రాఫిక్స్‌లో మార్చేయొచ్చు," అన్నాడు తనలో తాను. కళ్ళు చికిలించడం మర్చిపోయాడు. "అడవి మొత్తం గులాబీ... అక్కా, అదిరిపోతుంది!"

"మారిస్తే మార్చు. ఆకుపచ్చ మారినప్పుడు సైనికుల ఆకుపచ్చ కూడా మారిపోతుంది కదా? అప్పుడు గాల్లో ఇరవై తలకాయలు ఎగురుతూ కనిపిస్తాయేమో, అది కూడా చూసుకో."

ఈ చివరి మాట ఒక్కటే నిజం. దాని బరువుకు మిగతాదంతా నిలబడింది. పెరుగన్నం అయ్యేలోపే అతను గుడ్డ రంగు మార్చేశాడు. గులాబీ అడవిలో దాక్కునే సైనికుడు గులాబీ రంగే వేసుకోవాలి కదా అని నాకే వివరించాడు. అవునా అని ఆశ్చర్యపోయాను. రెండు తానులూ మళ్ళీ మూటకట్టించి, ఆ సాయంత్రమే వ్యానులో తిరుగుదారి పట్టించాను.

సుక్మాలో అంత గులాబీ గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? పెళ్ళి పందిళ్ళు వేసే టెంట్‌హౌస్‌లో. గోడల మీద ఎలుకల మరకలున్న గదిలోంచి రాణి రంగు తానులు బయటికి తీశారు. సాటిను, అంచున బంగారు కుచ్చులు. కుచ్చులు కూడా ఉంచేశాను. సైన్యం అన్నాక హోదాలు ఉండాలి.

సైనికుల వేషాలకని కొలతలకు వచ్చినవాళ్ళు కొంటా వైపు రైతులు. దర్శకుడు స్వయంగా వచ్చి వాళ్ళకు ఎర్ర సూర్యుడి సంగతి చెప్పాడు. చేతులు చాపి నిలబడ్డ ఒకాయన శ్రద్ధగా విని, "ఆకులు గట్లుంటే ఆడ వరి ఎట్ల పండుద్ది సార్?" అని అడిగాడు.

దర్శకుడు నా వైపు చూశాడు.

"గులాబీ బియ్యం," అన్నాను నోట్లో గుండుసూదులతో. "పిల్లలు కారం లేకుండా తింటరు."

"అరే, మంచి విత్తనం. ఓ సంచెడు తెప్పియ్యి తల్లీ," అన్నాడాయన, నవ్వకుండా. కోతల్లో ఆయన నాకంటే గట్టివాడు.

బావ షట్టర్ పూర్తిగా ఎత్తి కుట్టాడు. నేను కాజాలు తీశాను. వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయి, ఏ రంధ్రం ఎక్కడ ఉందో తెలియని స్థితికి వచ్చాను. మూడో రోజుకు చొక్కాలు లోపల పెట్టే చోటు లేక, బావ వాటిని బయట వరసగా తగిలించాడు. గాలికి కుచ్చులు ఊగుతున్నాయి. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి, ఎవరి బారాత్ అని అడిగి పోతున్నారు.

మధ్యాహ్నం ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. దిగినవాడు యూనిఫాంలో ఉన్నాడు. ఆ మచ్చల రంగే. నేరుగా చొక్కాల దగ్గరికొచ్చి ఒకదాని చెయ్యి పట్టుకుని చూశాడు.

"కిస్కే లియే?" అన్నాడు, ఎవరి కోసమని.

బావ మిషను ఆగిపోయింది. నా నోట్లో నాలుగైదు కథలు తయారుగా ఉన్నాయి. నోరు తెరిచేలోపే బావ తల ఎత్తాడు, వేలు పైకి చూపించాడు.

"ఊపర్‌వాలోఁ కే లియే, సాబ్." పైనున్నవాళ్ళ కోసమట.

అతను ఆకాశం వైపు చూశాడు. చొక్కా వైపు చూశాడు. పెళ్ళికొడుకు పైనున్నాడా అని హిందీలో ఏదో అంటూ పకపకా నవ్వి, బండెక్కి వెళ్ళిపోయాడు.

బావ తన చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత లేచి నన్ను మిషనుకు అవతలి చివర పట్టుకోమన్నాడు. నడుము కలుక్కుమంటున్నా పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని జరుపుకుంటూ తిప్పి, వెలుతురు కుడిచేతి మీద పడేలా పెట్టాం. బావ గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, తర్వాతి చొక్కా అందుకున్నాడు.