పొద్దు వాలాక నీళ్లు

ఆఫీసులో ఆమెకు ‘ఆడపడుచు’ అని పేరు పెట్టారు, ఎక్కడికి వెళ్లినా ఏదో ఒక వంక పెట్టకుండా తిరిగి రాదని. ఆమె ఉద్యోగమే అది మరి. సహాయ సంస్థలు చేసిన పనుల వల్ల జనానికి నిజంగా మేలు జరిగిందా లేదా అని చూసి రావాలి. కుళాయి ఉందంటే తిప్పి చూసేది, గడియ ఉందంటే లోపలికెళ్లి వేసుకుని చూసేది. ఆమె వస్తోందంటే కాంట్రాక్టర్లకు ముచ్చెమటలు పోసేవి. అందుకు ఆమెకు లోలోపల గర్వం కూడాను. అంత గడుసుది, తీరా సొంత పిన్ని గుమ్మం తొక్కేసరికి కళ్లుండీ చూడలేకపోయింది.

తల్లి పోయాక ఆమెను పెంచింది ఆ పిన్నే. వరదలో పిన్ని ఇల్లు గోడలతో సహా కొట్టుకుపోయింది. తన దగ్గరికి వచ్చెయ్యమని ఈమె ఎంత బతిమాలినా, “నీ ఇరుకు కొంపలో నేనెక్కడ సర్దుకుంటానే? నా ఇరుగుపొరుగంతా ఇక్కడే ఉన్నారు” అని, సంస్థవాళ్లు కట్టిన రేకుల గదిలోకి మారింది. ఏడాది తిరగ్గానే ఆ కాలనీ తనిఖీ ఈమె నెత్తినే పడింది. సొంతవాళ్లున్న చోటు, ఇంకొకరిని పంపండని పైవాళ్లతో చెప్పాల్సింది. పనీ అవుతుంది, పిన్నినీ చూసినట్టుంటుంది అనుకుని బయల్దేరింది.

మరుగుదొడ్లు గదుల వరసలకు దూరంగా, గోదాము వెనక ఉన్నాయి. తలుపులు లాగి చూసింది, నీళ్లు వదిలి చూసింది. అన్నీ అద్దంలా ఉన్నాయి. ఆడపడుచుకు వంక దొరకలేదు.

పిన్ని గదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రేకుల కింద ఇంకా సెగ తగ్గలేదు. పిన్ని ఇచ్చిన నీళ్లు గటగటా తాగేసి, “నువ్వూ తాగు పిన్నీ, పెదాలెలా ఎండిపోయాయో చూడు” అంది.

“పొద్దు వాలాక నీళ్లు నాకు పడవే.”

“నీళ్లు కూడా పడవా? విడ్డూరం కాకపోతే!” అని పకపకా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది ఆమెకు.

అంతలో కాలనీ సూపర్‌వైజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని ముందు చుట్టరికం బయటపెట్టడం బాగుండదని ఆమె గొంతు సవరించుకుంది. “మరుగుదొడ్లతో మీకేమైనా ఇబ్బంది ఉందాండీ?” అని అడిగింది.

పిన్ని అతన్నోసారి, ఈమెనోసారి చూసింది. “అంతా బాగుందండీ” అంది. ఈమె అదే రాసుకుంది.

కాలనీకి మారిన మూడో వేసవిలో కాళ్లూ మొహం ఉబ్బిపోయి పిన్ని ఆసుపత్రిలో చేరింది. ఏళ్లుగా సరిగా నీళ్లు తాగక, మూత్రం ఆపుకుని ఆపుకుని, ఇన్ఫెక్షన్లు ముదిరి కిడ్నీలు పాడైపోయాయన్నాడు డాక్టరు.

“ఎందుకు తాగలేదు పిన్నీ?”

“తాగితే రాత్రి లేవాలి కదే. గోదాము వెనక లైటు లేదు. తాగుబోతులంతా అక్కడే చేరేవాళ్లు. మా వరస ఆడవాళ్లం ఎవరమూ తాగేవాళ్లం కాదు.”

“నాతో చెప్పొచ్చు కదా! అడగడానికేగా వచ్చాను!”

“మగాడు గుమ్మంలో నిలబడి వింటుంటే ఎలా చెప్పనే? చెబితే నీ ఉద్యోగానికేం మాటొస్తుందోనని కూడా భయపడ్డా. నీళ్లు పడవన్నాగా, నీకే తెలుస్తుందిలే అనుకున్నా.”

తర్వాత ఆమె పైవాళ్లతో పోట్లాడి, తన తప్పు తనే ఒప్పుకుని, ఆ కాలనీలో వరసకో లైటు పెట్టించింది, గదుల దగ్గరే కొత్త మరుగుదొడ్లు కట్టించింది. పిన్ని మాత్రం మళ్లీ ఆ గదికి వెళ్లలేదు.

ఆసుపత్రిలో బాత్రూము పిన్ని మంచానికి పక్కనే. లోపల ఎప్పుడూ లైటు వెలుగుతూనే ఉంటుంది. “ఎంత దగ్గరో చూడవే!” అని పిన్ని మురిసిపోయింది. ఒక సాయంత్రం పొద్దు వాలుతుండగా, “దాహంగా ఉందే, గ్లాసుడు నీళ్లివ్వు” అంది.

కిడ్నీలు పోయినవాళ్లకు నీళ్లు కొలిచి ఇవ్వాలి. డాక్టరు చెప్పిన కొలత మధ్యాహ్నమే అయిపోయింది.

“ఇంక రేపే పిన్నీ” అంది ఆమె, తలెత్తకుండా.

“పోనీలేవే” అంది పిన్ని. “అలవాటేగా.”