మేకు కొట్టకూడని ఇంట్లో వైర్‌లెస్ పెట్టె

తాడేపల్లిగూడెంలో నేను అద్దెకు దిగిన ఇంట్లో గోడకు మేకు కొట్టకూడదు. అద్దె మాట్లాడుకున్న రోజునే ఇంటావిడ టీచరుగారు తేల్చి చెప్పేశారు. "నీళ్ళు ఎన్నయినా వాడుకోమ్మా. పెరట్లో కరివేపాకు కోసుకో. చుట్టాలొచ్చినా పక్కాలొచ్చినా నేనేవీ అనుకోను. గోడకి మాత్రం మేకు కొట్టకు." అలాగేనండీ అన్నాను. తగిలించుకోవడానికి నా దగ్గర పటాలేమన్నా ఏడిశాయి గనకనా! క్యాలెండరు కిటికీ ఊచకు కట్టుకున్నాను. అద్దం గూట్లో నిలబెట్టుకున్నాను.

ఆవిడ మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ముందు వాటాలో ఆవిడొక్కరే, వెనక వాటాలో నేనొక్కదాన్నే. మధ్యలో మూరెడు మందం గోడ. బడి సెలవులన్నీ ధారపోసి, మేస్త్రీ పక్కన తనూ తాపీ పట్టుకుని, వాళ్ళాయన పూసిన గోడలట అవి. రోజూ పొద్దున్నే ప్రార్థన అయ్యాక ఆవిడ మెత్తటి గుడ్డతో వాటిని తుడిచేవారు. గోడల్ని తుడిచే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇక నా సంగతి. మావారు కొల్లేట్లో చేపల చెరువుల మీద గుమాస్తాగా ఉండేవారు. ప్రభుత్వంవాళ్ళు ఆ చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది ఆ పని పోయింది. ఆయన ఆకివీడులో చేపలకి ఐసు వేసి పెట్టెలు కట్టే షెడ్డులో కుదిరి, అక్కడే ఉండిపోయారు. నేను గూడెంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుని, ఆ సెంటరులోనే పనికి కుదిరాను. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిందంతా ఇయర్‌ఫోన్లలో విని టైపు చెయ్యాలి. కాలి కింద పెడల్ ఉంటుంది. అది వెనక్కి నొక్కితే డాక్టరు చెప్పిన మాటే మళ్ళీ చెబుతాడు. ఒక మహానుభావుడైతే ఎప్పుడూ ఏదో నములుతూనే చెప్పేవాడు. వాడి నోట్లో ముద్ద తీసెయ్యాలనిపించేది నాకు.

మా ఐదేళ్ళ పిల్లని పెదపాడులో మా అన్నయ్య ఇంట్లో వదిలాం. వదిలాం అని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడంలేదు. అన్నయ్యకీ వదినకీ పిల్లల్లేరు. వదిన బంగారంలాంటి మనిషి. దానికి తలంటి పోసేది, కందిపొడీ నెయ్యీ కలిపి ముద్దలు పెట్టేది. నేను ప్రతి ఆదివారం ఏలూరు దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో పెదపాడు పోయేదాన్ని. ఒక ఆదివారం గుమ్మంలో నన్ను చూసి నా కూతురు లోపలికి కేకేసింది. "అమ్మా! గూడెం అమ్మ వచ్చింది!"

వదిన వెంటనే బయటికొచ్చింది, మొహం కందగడ్డలా అయిపోయింది. "నేను నేర్పలేదే, ఒట్టు. అదే పిలుస్తోంది" అంది. నాకు తెలుసు, నేర్పలేదని. నేర్పి ఉంటే దెబ్బలాడేదాన్ని. నేర్పకుండానే నా కూతురికి ఒక అమ్మ ఇంట్లో ఉంది, ఒక అమ్మ గూడెంలో ఉంది. తిరుగు రైల్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అందుకే ఒకటే పట్టు పట్టాను. ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి, బడులు తెరిచేలోగా పిల్లని తెచ్చుకోవాలి. సరిగ్గా అప్పుడే సెంటరు మూసేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. పాత కంప్యూటర్లు మాకే అమ్మేసి, ఇళ్ళలో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్ళు ఇంటినుంచే చెయ్యొచ్చు అన్నారు. హైదరాబాదు నుంచి సూపర్‌వైజరు మేడమ్ ఫోనులో చెప్పింది, "బడులు తెరిచే దాకా ట్రయల్ అండి. ఫైళ్ళు తెల్లారేసరికి మాకు చేరాలి. ఆలస్యమైతే మాత్రం ఏమీ చెయ్యలేను." నెట్ సెంటర్లలో చెయ్యకూడదు, రోగుల రహస్యాలు బయటపడతాయట.

కొత్త ఫోను లైను అడిగితే మా వీధి కేబుల్లో ఖాళీ లేదన్నారు. టీచరుగారి ముందుగదిలో ఫోనుంది. అడగ్గానే, "దాందేముందమ్మా, పెట్టించుకో" అని సంతకం పెట్టేశారు. టెలిఫోన్ ఆఫీసు వాళ్ళు వచ్చి ఆ ఫోను పక్కన మోడెం పెట్టిపోయారు. ఇంతా చేస్తే, దాన్నుంచి నా వెనక వాటాలోకి వైరు రావాలి. మధ్య గోడలో చిన్న కన్నం చాలు. గొంతు సవరించుకుని అడిగాను.

"ఇంకేదన్నా అడుగమ్మా" అన్నారు టీచరుగారు. మెత్తగా అన్నారు. ఆ మెత్తదనం చూసే నాకు ఒళ్ళు మండింది. అరిచే మనిషయితే మనమూ అరవొచ్చు. ఈ మనిషితో ఎలా వేగేది?

వైరు ఇంటి చుట్టూ తిప్పి సందులోంచి లాగాను. రెండో రోజుకే కోతులు పీకి పారేశాయి. మళ్ళీ లాగాను, మళ్ళీ పీకాయి. పోనీ ఆవిడ ముందుగదిలోనే కూర్చుందామంటే సాయంత్రం అక్కడ ట్యూషను, పాతికమంది ఎక్కాలు అప్పజెబుతుంటారు. అది అయ్యాక ప్రార్థన చేసుకుని తలుపులు గడియ వేసి పడుకుంటారు. నాకు పని వచ్చేదే అప్పుడు. నాతో పనిచేసే ఒకావిడ ఫోను చేసి, "వైర్‌లెస్ పెట్టెలొచ్చాయండీ. నెట్ గోడలోంచి దూరి వచ్చేస్తుందట" అంది. ప్రాణం లేచొచ్చింది.

టెలిఫోన్ ఆఫీసుకు పరుగెత్తాను. కౌంటర్లో ఆయన ఎంత మర్యాదస్థుడో! "ఇస్తామండీ. నెలనెలా బిల్లులోనే కొంచెం అద్దె వేస్తామండీ. పాడైతే మాదే బాధ్యతండీ, మార్చి ఇస్తాం. కాకపోతే ఇప్పుడు స్టాకు లేదండీ."

"ఎప్పుడొస్తుందండీ?"

"వచ్చేస్తుందండీ."

వారం పోయాక వెళ్ళాను. "వచ్చేస్తుందండీ." ఆ పై వారం వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన కుర్చీ చూపించి, "కూర్చోండీ, మంచినీళ్ళు తాగుతారాండీ?" అన్నాడు. నాకు మంచినీళ్ళెందుకయ్యా బాబూ, నాకు పెట్టె కావాలి! ఈలోగా ఒక ఫైలు ఆలస్యమైంది. మేడమ్ కోప్పడలేదు. "చూసుకోండి" అని మాత్రం అంది.

ఇక ఆగలేక ఏలూరు వెళ్ళి కొనేశాను. కొట్టాయన రెండు కొమ్ములున్న తెల్లటి పెట్టె తీసి, "తీసుకెళ్ళండి మేడమ్, ఇల్లంతా వచ్చేస్తుంది" అన్నాడు. ఇల్లంతా అన్న మాట ఎంత తియ్యగా ఉందో! రైల్లో దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. తీరా తెచ్చి బిగిస్తే నా కంప్యూటరుకు దాన్ని అందుకునే ముక్క లేదట. అది వేరే కొనాలట. ఈ మాట ముందు చెప్పొద్దూ! మళ్ళీ రైలు, మళ్ళీ ఏలూరు. ఆ ముక్కా తెచ్చి గుచ్చాను. తెర మీద సిగ్నలు గీతలు ఒక్కటీ వెలగలేదు. పెట్టె ముందుగదిలో ఉంది. అక్కణ్ణుంచి నా గదికి రెండు గోడలు, వాటికి ఆనించి టీచరుగారి ఇనప బీరువాలు. మూరెడు మందం గోడల్లో అది ఎక్కడ ఊపిరాడక చచ్చిందో!

కొట్టాయనకి ఫోను చేస్తే, "పెట్టె బంగారం మేడమ్. లైన్లో లోపముంటుంది, ఆఫీసుని అడగండి" అన్నాడు. ఆఫీసుకెళితే, "లైను శుభ్రంగా ఉందండీ. బయట కొన్న పెట్టెకి మేం పూచీ కాదండీ. మా పెట్టె రానివ్వాల్సిందండీ" అన్నాడు ఆయన, నిజంగా బాధపడుతూ. అద్దెది తీసుకుందామంటే రాదు. వచ్చిందేమో పనిచెయ్యదు. నేను అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

ఒక్కచోట మాత్రం సిగ్నలు వచ్చింది. ముందు వరండాలో, టీచరుగారి కిటికీ పక్కన. బల్ల అక్కడికి ఈడ్చుకున్నాను. కంప్యూటరు మోసుకొచ్చాను. చీకటిపడ్డాక దోమలు మీదపడి పీకుతుంటే, కాళ్ళకు వేపనూనె రాసుకుని, చెవుల్లో డాక్టరును పెట్టుకుని, వీధిన పోయేవాళ్ళకు వింతగా కూర్చుని టైపు చేశాను. ఎదురింటావిడ, "ఏవండీ, ఇంట్లో గాలి ఆడట్లేదాండీ?" అని అడిగింది. "లేదండీ, వీధి అందంగా ఉందని" అన్నాను. అలా ఫైళ్ళు వెళ్ళాయి. ఒక్కటీ ఆలస్యం కాలేదు. పిల్లని తెచ్చేసుకున్నట్టే అనుకున్నాను.

అప్పుడు వానలు మొదలయ్యాయి.

మొదటి వాన రోజు సాయంత్రం వదిన టీచరుగారి ఫోనుకే చేసింది. ఆవిడ పిలిస్తే వెళ్ళి ముందుగదిలో నిలబడి మాట్లాడాను. వదిన గొంతు తగ్గించి అంది, "ఎల్లుండి బడులు తెరుస్తున్నారు కదా. పోనీ ఈ ఏడు ఇక్కడే చేర్పించేద్దామే? నీ పని అటో ఇటో తేలలేదు. అదిక్కడ అలవాటు పడిపోయింది. అది వెళ్ళిపోతే మాకూ ఇల్లు బోసిపోతుంది." "నిన్ననే దానికి కొత్త సంచీ కుట్టాను కూడా" అంది.

"రేపటి దాకా ఆగు వదినా" అన్నాను. "రేపు పొద్దున్న ఆఖరి ఫైళ్ళు వెళితే తేలిపోతుంది. కాళ్ళు పట్టుకుంటాను, రేపటి దాకా ఆగు." ఫోను పెట్టేశాను. టీచరుగారు ట్యూషను పిల్లల పలకలు సర్దుతూ వింటూనే ఉన్నారు. నాకు ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు. గోడలు తుడుచుకుంటూ బతుకు తల్లీ, అనుకుని బయటికొచ్చేశాను.

ఆ రాత్రి ఎలాగో గడిచింది. తెల్లవారుజామున ఒక్క ఫైలు మిగిలి ఉండగా గాలి తిరిగింది. జల్లు వరండాలోకి కొట్టేసింది. కంప్యూటరు మీద దుప్పటి కప్పాను, దాని మీద టార్పాలిన్ కప్పాను, ఒక చేత్తో గొడుగు పట్టుకున్నాను. ఒంటిచేత్తో ఎంతని టైపు కొడతాను? టీవీలాంటి ఆ పాత మానిటరు మీద నీళ్ళు పడి చిటపటమంది. స్విచ్చు తీసేసి, దాన్ని రెండు చేతులా కావలించుకుని కింద కూలబడిపోయాను. దేవుడా, ఒక్క ఫైలు! ఎంత ఏడ్చానంటే, వానలో కూడా వినబడిందట లోపలికి.

తలుపు గడియ తీసిన చప్పుడైంది. టీచరుగారు. కింద పడిపోయిన గొడుగు తీసి నా మీద పట్టారు.

"లోపలికి తీసుకురా అమ్మాయ్. ముందు ఆ మిగిలింది ఇక్కడ కూర్చుని పూర్తిచెయ్యి."

మానిటరు తుడిచి, ఆవిడ ముందుగదిలో బిగించి, బిక్కుబిక్కుమంటూ స్విచ్చు వేశాను. వెలిగింది. ఆ ఫైలు పంపేసరికి తెల్లారుతోంది, ఇంకో పది నిమిషాలైతే గడువు దాటేది. వెనక్కి తిరిగి చూస్తే టీచరుగారు గదిలో లేరు. పడకగదిలో, బీరువా పక్కకు జరిపించుకుని, మధ్య గోడ ముందు నిలబడి ఉన్నారు. వీధి చివర టీవీ కేబులాయన డ్రిల్లింగ్ మిషను పట్టుకుని ఆవిడ పక్కన ఉన్నాడు. వానలో వెళ్ళి తనే పిలుచుకొచ్చారు.

"టీచరుగారండీ, వద్దండీ" అన్నాను. అంతవరకూ ఆ గోడను ఎంత తిట్టుకున్నానో, అప్పుడు నిజంగానే వద్దనిపించింది.

"నువ్వుండమ్మా. గోడదేముంది, మళ్ళీ పూసుకుంటాం. పిల్ల పరాయిదైపోయాక ఏం పెట్టి పూస్తావు?" అని, గోడ మీద అరచెయ్యి ఆనించి కిందికి జరుపుకుంటూ వచ్చారు. నేలకు జానెడు ఎత్తున ఆపారు. "ఇక్కడ కొట్టు బాబూ. ఇదిగో, ఇక్కడ."

మిషను తిరుగుతున్నంతసేపూ ఆవిడ అక్కడే ఉన్నారు. సున్నం పొడి కాళ్ళ మీద పడుతున్నా కదల్లేదు. అయ్యాక చీపురు తెచ్చుకుని ఆ పొడి తనే ఊడ్చుకున్నారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం మేడమ్ ఫోను చేసి, నన్ను ఖాయం చేశామంది. సాయంత్రానికి పెదపాడులో ఉన్నాను. వదిన కొత్త సంచీలో పిల్ల బట్టలు సర్ది ఇచ్చింది. ఆటో కదిలేదాకా దాని చెయ్యి వదల్లేదు.

వారం తిరక్కుండా టెలిఫోన్ ఆఫీసు నుంచి ఫోను. "మీ వైర్‌లెస్ పెట్టె వచ్చేసిందండీ! వచ్చి తీసుకెళ్ళండీ." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కర్లేదండీ అన్నాను. నేను కొన్న రెండు కొమ్ముల పెట్టె అటక మీదికెక్కింది. మొదట్లో ఆఫీసువాళ్ళు పెట్టిన మోడెంకే పొడుగాటి వైరు తగిలించి, ఆ కన్నంలోంచి లాక్కున్నాను.

కన్నం వైరు కంటే పెద్దది పడింది. మిగిలిన సందులో గుడ్డపేలిక కుక్కాను. నా కూతురు వచ్చిన మర్నాడే దాన్ని పీకేసింది. నేల మీద బోర్లా పడుకుని, కన్నం దగ్గర నోరు పెట్టి టీచరుగారితో కబుర్లు మొదలుపెట్టింది. అవతల ఆవిడ మంచం మీద కూర్చుని, ఇవాళ బడిలో ఏం చెప్పారనీ, ఏం కూర తిన్నావనీ అడిగేవారు. నాతో మాత్రం పిల్ల ముభావంగా ఉండేది. ఏదైనా కావాలంటే అమ్మా అని పిలవకుండా, వచ్చి పక్కన నిలబడేది. నేనూ తొందరపెట్టలేదు.

ఒకరోజు సాయంత్రం పని తొందరగా వచ్చింది. చెవుల్లో ఆ నమిలే డాక్టరు. అవతల ట్యూషను పిల్లలు పదమూడో ఎక్కం అరుస్తున్నారు, కన్నంలోంచి చక్కగా వినబడుతోంది. నేను విసుక్కుంటూ మాటిమాటికీ పెడల్ వెనక్కి నొక్కుతున్నాను. నా కూతురు నా మొహంలోకి ఒకసారి చూసింది. వెళ్ళి కన్నం దగ్గర బోర్లా పడుకుంది.

"మామ్మగారండీ! కొంచెం మెల్లిగా చెప్పించండీ! మా అమ్మ పని చేసుకుంటోంది!"

పెడల్ మీంచి కాలు తీసేశాను. డాక్టరు ఆగిపోయాడు. ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను.

"ఏం చెప్పావే మామ్మగారికి?" అన్నాను. "సరిగ్గా వినబడలేదు, ఇంకోసారి చెప్పు."