పికప్ వదిన

రోజూ సాయంత్రం మందుల షాపు మలుపులో ఎవడో తెల్ల కారులో వచ్చి మా పికప్ వదినను ఎక్కించుకుపోతున్నాడని వీధంతా గుప్పుమంది.

ఆమెకు ఆ పేరు మా ట్యాక్సీ ఆఫీసులోనే పడింది. ఇద్దరం పక్కపక్క ఫోన్ల దగ్గర కూర్చుంటాం. అక్కడ ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కతోనే పనులన్నీ నడుస్తాయి. "ఫోను పికప్ చెయ్యరేం?" అని ఓనరు అరుస్తాడు. "స్టేషన్ పికప్ ఎవరిది?" అని వదిన అడుగుతుంది. "నా బండికి పికప్ లేదు, ఆ ఎత్తు ఎక్కదు, ఇంకోణ్ణి పంపు" అంటాడు డ్రైవరు. జీతం పెంచమంటే, "బిజినెస్ పికప్ అవనీ అమ్మా" అంటాడు ఓనరు.

"పాపం, ఈ మాట కూడా నాలాగే అందరికీ చాకిరీ చేస్తోంది" అని వదిన నవ్వేది.

కొన్నాళ్లుగా ఆమెకు కుదురు లేదు. ఫోన్లో మాట్లాడుతూనే బల్ల కింద చెప్పులు విడిచి పాదాలతో నేలను నొక్కుతుంది. ఎడమది మెల్లగా వదులుతుంది, కుడిది నొక్కుతుంది. నేను చూస్తూనే ఉన్నాను, అడగలేదు. చివరికి ఆమే చెప్పింది. డ్రైవింగ్ లైసెన్సు వస్తే బడిపిల్లల ట్రిప్పులు ఇస్తానని ఓనరు మాటిచ్చాడట.

"మీ అన్నయ్యకి రోడ్డంటేనే హడల్. ముందే తెలిస్తే సాగనివ్వరు. పాసయ్యాక చెప్తా."

పరీక్ష రేపనగా అన్నయ్యే ఆఫీసుకొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవడే వాడు?"

"ఎవరు?"

"కారువాడు. మీసాలున్నాయట."

డ్రైవర్లు టీ గ్లాసులతో గుమ్మంలో మూగారు. వదిన లేచింది. కూర్చుంది. మళ్లీ లేచింది. రెండు ఫోన్లూ మోగుతున్నాయి, ఎవరమూ ఎత్తలేదు.

"పదండి. ఆ మీసాలాయన వచ్చే వేళే. మీరూ ఎక్కుదురుగాని."

"నేనెందుకెక్కాలి?"

"ఎక్కితేగా తెలిసేది!"

వాళ్ల వెనకే మలుపు దాకా వెళ్లాను. మీసాలాయనకు అరవై దాటి ఉంటాయి. అన్నయ్య వెనక సీట్లో ముళ్లమీద ఉన్నట్టు కూర్చున్నాడు. కారు రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. "క్లచ్చి మెల్లగా వదలమ్మా!" అని లోపల్నుంచి కేక. మూడోసారి కదిలింది.

తిరిగొచ్చాక అన్నయ్య చొక్కా చెమటతో తడిసి ఉంది. దిగి, కాసేపు కారు తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

"రేపు నేనూ వస్తా" అన్నాడు. "బ్రేకు మరీ అలా తొక్కకు."

రోజూ ఆ మలుపులో మీసాలాయన డ్రైవరు సీట్లోంచి దిగి పక్క సీట్లోకి మారేవాడు. ఆయన్ని ఎక్కించుకుపోయేది వదినే.