మేడమ్ రాసిన పసుపు

మా జువాలజీ మేడమ్ పోయారన్న కబురు మొన్న శుక్రవారం పొద్దున వచ్చింది. అమ్మ అప్పుడు బేగం బజార్ నుంచి తెప్పించిన పసుపు జల్లెడ పడుతోంది. వినగానే చేతులు కొంగుకు తుడుచుకుని, "నడువ్, పోదాం" అంది. పూలు కొనడానికి కూడా ఆగనివ్వలేదు.

నేను నాంపల్లిలో ఆడపిల్లల కాలేజీలో చదివే రోజుల్లో ఆవిడ మాకు పాఠం చెప్పేవారు. మెదక్ వైపు క్రిస్టియన్ కుటుంబం. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద నవ్వు. ఆవిడ రిక్షా దిగకముందే వచ్చినట్టు కాలేజీ అంతటికీ తెలిసిపోయేది. కప్పను చూసి కెవ్వుమన్న పిల్ల అరచేతిలోనే దాన్ని తెచ్చి పెట్టేవారు. "ముట్టకుంట ఏం తెల్సుకుంటవ్ పిల్లా?" అన్నది ఆవిడ ఊతపదం.

ఒకసారి తోకకప్పలున్న రెండు తొట్లు తెచ్చి, ఒకదాంట్లో థైరాయిడ్ మాత్ర నూరి కలిపారు. ఆ తొట్లోవి తొందరపడి తోకలు పోగొట్టుకుని, కాళ్లు మొలిపించుకుని, ఈగంతేసి కప్పలై కూర్చున్నాయి. మేం పగలబడి నవ్వాం.

"నవ్వుండ్రి గానీ జర యాది పెట్టుకోండ్రి. మన మెడల గూడ గా గ్రంథి ఉంటది. పాత తోలు రాలి కొత్తది రావాలన్నా, పుండు మానాలన్నా దాని హార్మోన్ కావాలె" అన్నారు. పరీక్షలో వస్తుందని రాసుకున్నాం.

మా ఇల్లు ఆబిడ్స్‌లో బట్టల దుకాణాల వెనక గల్లీలో. ఆ ఏడు అమ్మ ఒళ్లంతా గరుకెక్కి పొట్టు రాలేది. మడమలు పగిలి, ఎర్రగా వాచి, ఒకటే మంట, దురద. ఎన్ని మలాములు రాసినా అంతే. మా ఉమ్మడి ఇంట్లో నాన్న వదిన, మా పెద్దమ్మ మాటే మాట. అంటురోగమని ఆవిడ అమ్మ కంచం, గ్లాసు వేరు చేసింది. శ్రావణం దాటగానే అమ్మను పుట్టింటికి పంపాలని తేల్చేసింది. నయమైతే తిరిగి రావాలట. కాకపోతే ఏమిటన్నది ఎవరూ అడగలేదు. అమ్మ ట్రంకుపెట్టె సర్దుకుంది. నాకు అన్నం సయించేది కాదు.

శ్రావణ శుక్రవారం పేరంటానికి మేడమ్‌ను పిలిచాను. ముత్తయిదువలు ఒకరి కాళ్లకు ఒకరు పసుపు రాసుకుంటున్నారు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఆమెను దాటి పక్కకు పోయింది. అమ్మ కాళ్లు చీరలోకి లాక్కుంది. అది మేడమ్ కంటపడింది.

"నేను బొట్టు పెట్టుకోను గానీ, పసుపు రాయొచ్చు గద?" అంటూ గిన్నె తీసుకుని అమ్మ ముందు కూర్చున్నారు.

"వద్దు మేడమ్, నా కాళ్లు మంచిగ లేవు" అంది అమ్మ బొంగురు గొంతుతో.

"ఉండనియ్యి" అని, ఎంత రాయాలో తెలియక పిడికెడు పసుపు పిక్కల దాకా పూసేశారు. ఆడవాళ్లంతా ముసిముసిగా నవ్వుతుంటే ఆవిడ చేయి ఒక్కసారి ఆగింది. "ఏందమ్మా, కాళ్లు గింత సల్లగున్నయ్? గీ ఉక్కపోతల స్వెటరేంది?"

"ఎండాకాలం గూడ చలి పెడ్తది మేడమ్."

"విరేచనం సాఫ్ అయితదా?"

పేరంటమంతా నోరెళ్లబెట్టింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ సిగ్గుపడుతూ తల అడ్డంగా ఊపింది. మేడమ్ అమ్మ మెడ తడిమి చూసి, "నాకైతే థైరాయిడ్ తక్కువైనట్టు అనిపిస్తున్నది. రేపు దవాఖానకు నేనే తోల్కపోత" అన్నారు.

"ఎట్లాగూ పుట్టింటికి పంపుతున్నం గదా" అని గొణిగింది పెద్దమ్మ.

"పండుగకు పంపుండ్రి. తోలు రాలిందని పంపుతరా ఎవలన్నా?"

డాక్టరు కూడా థైరాయిడ్ అనే తేల్చాడు. మాత్రలు మొదలైన కొన్ని నెలలకు పొట్టు రాలడం ఆగింది, పగుళ్లు పూడాయి, మంట చల్లారింది. స్వెటరు పెట్టెలోకి, పెట్టె అటక మీదికి చేరాయి. మరుసటి శ్రావణంలో అమ్మ కాళ్లకు అందరికన్నా ముందు పసుపు రాసింది పెద్దమ్మే. మేడమ్ మాత్రం పేరంటానికి వచ్చినప్పుడల్లా "ఏవీ, కాళ్లు చూపియ్" అనేవారు. ఆ వారం మేం రాసిన పరీక్ష పేపర్లు పసుపు వేలిముద్రలతో తిరిగొచ్చేవి.

మొన్న నాంపల్లిలో వాళ్లింట్లో మేడమ్‌ను తెల్లచీరలో పడుకోబెట్టారు. ఆ గొంతు లేని ఇల్లు ఎవరిదో అనిపించింది. అమ్మ వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని, రెండు పాదాలూ పట్టుకుంది.

"గింత సల్లగున్నయేంది మేడమ్" అంటూ రుద్దసాగింది. పాదాలకు, తెల్లచీర అంచుకు అమ్మ చేతుల్లో మిగిలిన పసుపు అంటింది. నేను తుడవబోతే మేడమ్ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి" అంది.

ఆ పసుపు కాళ్లతోనే మేడమ్ వెళ్లారు.