రెండో భాగం చూసొచ్చిన రోజు... సోమందేపల్లి దారిలో దుమ్ము

మా చిన్నప్పుడు ఇంగ్లీషు సినిమాలు తెలుగు మాటలతో హిందూపురానికి వచ్చేవి... ఆ రోజు ఉదయం ఆట చూసి నాయన, నేను ఊరికి బస్సెక్కాం. కిటికీ పక్క సీటు నాదే. అయినా బయటికి చూడబుద్ధి కాలేదు.

సినిమా అట్లాంటిది మరి. వానలు ఆగిపోయి లోకమంతా ఎండిపోతుంది. మిగిలిన జనం నీళ్లు లేని ఆనకట్ట లోపల దాక్కుని, ఇనుప బండ్లేసుకుని, బిందెడు నీళ్ల కోసం చంపుకుంటుంటారు. మొదటి భాగంలో గెలిచిన హీరో ఈ రెండో భాగంలో చివరికి దుమ్ములోకి నడిచి వెళ్లిపోతాడు... ఇక రాడు.

కిటికీలోంచి చూస్తే మా వైపు చేన్లు కూడా అచ్చం అట్లాగే ఉన్నాయి. ఎండాకాలం... పైరు లేని ఎర్ర నేల, బీటలు తీసిన చెరువు.

"మన బావిలో నీళ్లుండాయా నాయనా?"

"ఉండాయిలేమ్మా" అన్నాడు. కానీ బావి అడుగంటిందని అవ్వ గొణగడం నేను విన్నాను. నాయన మాట నమ్మలేదు.

మా ముందు సీట్లో ఇద్దరు కూడా అదే సినిమా చూసొచ్చారు. ఒకాయన మా ఊరి రైతు అంజినప్ప. ఇంకొకాయన ధర్మవరం నేతగాడు సూరప్ప... అమ్ముడుపోని పట్టుచీరల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా, మొదటి దాంట్లో కథ ఉన్నింది. దీంట్లో ఏముండాది? బండ్లు గుద్దుకునేది, పేలేది... అంతే గదా" అన్నాడు అంజినప్ప.

"లోకం ఎండిపోయినాక ఇంగ కథేముంటాదబ్బా? నీళ్ల కోసం కొట్టుకునేదే కథ. నాకైతే ఇదే బాగుండాది" అన్నాడు సూరప్ప.

"హీరోను సంపేస్తే బాగుండాదా?"

"దుమ్ములోకి పోయినోడు యాడ తిరిగొస్తాడు? ఉన్నది ఉన్నట్టు తీసినాడు."

బస్సంతా రెండు పార్టీలైపోయింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి అంజినప్ప వైపు చేరాడు. నా చెవుల్లో మాత్రం దుమ్ములోకి పోయినోడు తిరిగి రాడన్న సూరప్ప మాటే తిరుగుతోంది...

సోమందేపల్లి ఇంకా కొంత దూరం ఉందనగా ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. నాకు దాహం. రోడ్డు అవతల రేకుల సోడా అంగడి ఒకటి కనిపించింది. "ఈడే ఉండు పాపా, నీళ్లు తెస్తా" అని నాయన దిగాడు.

ఆయన అంగడి చేరాడో లేదో... పడమటి దిక్కు ఎర్రబడింది. నేల మీంచి గోడ లేచినట్టు దుమ్ము మీదికొచ్చింది. షట్టర్లు దించేలోపే నోటి నిండా మన్ను. పట్టపగలు బస్సులో చీకటి. బయట రేకులు ఎగిరిపడ్డ చప్పుడు... వెంటనే ఒక ఆడమనిషి కేక.

"నాయనా!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

తలుపు దగ్గరికి పరిగెత్తితే సూరప్ప నా జబ్బ పట్టుకుని ఆపాడు. "యాడికి పోతాండావు పాపా?"

"మా నాయన ఆడుండాడు... అంగడి కాడ..."

బస్సు ముందు అద్దంలోంచి ఏమీ కనపడటం లేదు. దిగినవాడికి మళ్లీ బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేదు. "తగ్గేదాకా చూద్దాం" అన్నారెవరో.

సూరప్ప మూట విప్పాడు. మడత విప్పని కొత్త పట్టుచీరలు... ఒకదాని కొస ఇంకొకదానికి గట్టిగా ముడేశాడు. చాలదని మరొకటి కలిపాడు. "నేను పోతా" అంటూ అంజినప్ప ఒక కొసను నడుముకు కట్టుకున్నాడు. రెండో కొసను సూరప్ప తన చేతికి చుట్టుకున్నాడు. ఇందాక ఒకరి మాట ఒకరు పడనివ్వనివాళ్లు...

అంజినప్ప మెట్టు దిగాడు. దిగిన క్షణమే మాయమయ్యాడు. చీర మాత్రం కొంచెం కొంచెంగా బయటికి జారుతోంది.

"మా నాయన వస్తాడా మామా?"

"వస్తాడు పాపా."

"రాడని నువ్వే అంటివి గదా?"

ఆయన మొహం ఇప్పటికీ గుర్తే. "అది సినిమా గదమ్మా..." అన్నాడు. చీరను చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

చీర జారడం ఆగింది. బిగుసుకుంది. ఉన్నట్టుండి వదులైపోయింది... నేను కళ్లు మూసుకున్నాను.

"లాగబ్బా!" అని దుమ్ములోంచి కేక వినపడింది.

బస్సులో ఉన్న మగవాళ్లంతా చీర అందుకున్నారు. మొదట సోడా అంగడామె వచ్చింది. వెనకాలే అంజినప్ప భుజం పట్టుకుని కుంటుతూ ఒక మట్టిమనిషి... కళ్లు తప్ప ఏమీ తెలియడం లేదు. నేను భయపడి వెనక్కి జరిగాను. "నేనే పాపా..." అన్నాక గానీ ఆయన మెడ పట్టుకోలేదు.

అంగడి కప్పు కూలి ఆమె రేకుల కింద ఇరుక్కుందట. ఆమెను వదిలి రాలేక, ఆ బరువు ఆమె మీద పడకుండా పట్టుకుని నాయన అక్కడే ఉండిపోయాడట. రేకు కోసుకుని కాలు నెత్తురు కారుతోంది. లాగుడుకు చిరిగిన చీరలోంచి సూరప్ప ఒక పేలిక చించి కట్టుకట్టాడు.

"ఇప్పుడు చెప్పప్పా..." అన్నాడు అంజినప్ప, ఆయాసపడుతూనే. "పోయినోడు తిరిగొస్తే బాగుండదా?"

సూరప్ప నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. నాయన కాలు మానింది... నడకలో చిన్న కుంటు మాత్రం ఉండిపోయింది.

మొన్న ఆ సినిమాకు మరో కొత్త భాగం వచ్చింది. హిందూపురంలోనే చూశాను. దుమ్ము లేచే సీనుకు ఈ వయసులోనూ కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను. ఇంటికొచ్చి ఫోను తెరిస్తే మళ్లీ అదే వాదన... పాతదే గొప్ప, కాదు కొత్తదే గొప్ప. మాటకు మాట పెరిగి ఒకరింట్లో ఆడవాళ్లను ఇంకొకరు తిట్టుకునేదాకా పోయింది. పేర్లు తెలియవు, మొహాలు తెలియవు. చదువుతుంటే సినిమాకు వేసిన భయం కన్నా ఎక్కువ భయమేసింది నాకు.

అప్పుడు వాదించుకున్నవాళ్లు ఒకే బస్సులో ఇంటికి పోయేవాళ్లు...

మిమ్మల్ని బాగా భయపెట్టిన సినిమా ఏది? అది బాగుందని, బాగాలేదని మీతో పోట్లాడిన మనిషి ఎవరు... ఇప్పుడు ఎక్కడున్నారు?