ఇటలీ కారు వెనక అక్షరాభ్యాసం

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడిన రోజుల్లో, వాటిని ఆగకుండా చూసే ఉద్యోగం మా వారిది. మెల్‌బోర్న్‌లో ఒక కంపెనీలో చేసేవారు. జనవరి ఒకటిన ఏమీ జరగలేదు. ఏమీ జరగనందుకు కంపెనీ బోనస్ ఇచ్చింది. అనాదిగా ఇదే పని చేస్తున్న భగవంతుడికి ఎవరూ బోనస్ ఇచ్చినట్టు లేదని, నేనొక కొబ్బరికాయ అదనంగా కొట్టాను.

ఆ బోనస్ మీద మా వారు పాత ఇటలీ కారు కొన్నారు. దానిది ఇంచుమించు నా ఈడు. ముదురు నీలం రంగు, పొడుగాటి ముక్కు, వెనక పిల్లలు మాత్రమే పట్టే సీటు.

"పన్నెండు సిలిండర్లు, ఆరు కార్బ్యురేటర్లు. ఆరూ ఒకేలా ఊపిరి పీల్చాలి, తెలుసా?" అనేవారు.

ఆరుగురు తోడికోడళ్ళ చేత ఒకే పొయ్యి మీద వంట చేయించడమన్నమాట అనుకున్నాను. శనివారం పొద్దున నేను పూజలో కూర్చుంటే, ఆయన గరాజ్‌లో రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని ఒక్కో కార్బ్యురేటర్ బుస వినేవారు. ఆ ఏకాగ్రత నాకు జపంలో కూడా కుదరలేదు.

వసంత పంచమికి మా అమ్మాయి అక్షరాభ్యాసం. పదిన్నర లోపల జరిగిపోవాలని గుళ్ళో పూజారిగారు చెప్పారు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు వసారాలో కూర్చోబెట్టుకుని, వేలు పట్టి బియ్యంలో దిద్దించిన అక్షరాలే నా చదువుకు మొదలు. అందుకే ఆ ముహూర్తం దాటకూడదని నా పట్టు.

"ఏమండీ, మన తెల్ల కారులో వెళదాం. అది ఎప్పుడూ ఆగలేదు."

"సరస్వతీదేవి దగ్గరికి డొక్కు కారులోనా? నువ్వు ఊరుకో."

ఇటలీ కారుకు అదే రోజు పూజ కూడా అయిపోవాలన్నారు. బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాను. పెరట్లో పూసిన బంతిపూలతో సన్నటి దండ కట్టాను.

"ఇంత కారుకి ఇంతేనా? ఇండియాలో మావాళ్ళకి ఫోటో పంపాలి," అని ఇండియన్ షాపులో తెచ్చిన లావుపాటి దండలన్నీ వరసగా కట్టేశారు. కారుకు ముందుండే వెడల్పాటి నోరు పూలలో మునిగిపోయింది. ఫోటో తీసుకుని బయల్దేరాం.

ఫిబ్రవరి ఎండ. గుడి దారిలో క్రాన్‌బర్న్ అనే ఊరు దాటాక ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి జరగడం మొదలైంది. కాసేపటికి ముక్కులోంచి ఆవిరి. కారు పక్కకు తీసి, బానెట్ ఎత్తి, మా వారు నాకు పాఠం చెప్పసాగారు.

"ఇందులో ఖంగారేం లేదు. ఇటలీవాళ్ళ ఇంజనీరింగ్ చాలా సింపుల్. ముందున్న నోట్లోంచి గాలి వస్తుంది, రేడియేటర్‌కి తగుల్తుంది, నీళ్ళు..."

అక్కడ ఆగిపోయారు. దండల వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

ఆయన దండలు విప్పడం మొదలుపెట్టారు. ఇంజన్ చల్లారేసరికి ముహూర్తం దాటిపోయేలా ఉంది. నేను బియ్యం పళ్ళెం పట్టుకుని దిగాను.

"అమ్మా, ఈజ్ దిస్ ద టెంపుల్?" అంది అమ్మాయి.

"ఇవాళ్టికి ఇదేనమ్మా."

పళ్ళెం కారు వెనక డిక్కీ మీద పెట్టబోతే మా వారు పరుగెత్తుకొచ్చారు. "ఆగు, ఆగు, పెయింటూ!" అంటూనే జేబులోంచి కారు తుడిచే పసుపుపచ్చ గుడ్డ తీశారు. ఆ గుడ్డను నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. దాన్నే మడత విప్పి డిక్కీ మీద పరిచారు.

"మీరు దిద్దించండి. తండ్రి దిద్దించాలి కదా," అన్నాను.

నల్లబడ్డ చేతులు చూపించారు. "నువ్వే కానివ్వు. నీకు మీ నాన్నగారు నేర్పినట్టే."

అమ్మాయిని ఎత్తి పట్టుకున్నారు. చిట్టి వేలు పట్టుకుని ఓంకారం దిద్దించాను. పక్క నుంచి లారీలు పోతుంటే బియ్యం వణికింది గాని, అక్షరం చెదరలేదు.

గుడికి మధ్యాహ్నం చేరాం. పూజారిగారు ఆశీర్వదించారు. కారు ఫోటో ఇండియాకు వెళ్ళింది. చూసినవాళ్ళంతా దండలు బావున్నాయన్నారు.

ఆ బియ్యంతో మర్నాడు పరమాన్నం వండాను. మా వారు మారు వడ్డించుకుని తిన్నారు, కారు గురించి ఒక్క మాటైనా ఎత్తకుండా. అందుకు కూడా దేవుడికి దండం పెట్టుకున్నాను.